పదకొండో కమాండ్

ఒక మనిషి చెడిపోవాలని మూడేళ్ళపాటు రోజూ కోరుకున్నాను. పొద్దున పళ్ళు తోముకుంటూ కోరుకున్నాను. హఫీజ్‌పేట్ స్టేషన్‌లో లోకల్ రైలు కోసం నిలబడి కోరుకున్నాను. ఆదివారం చర్చిలో క్షమించడం గురించి పాస్టరుగారు చెబుతుంటే తల వంచుకుని మరీ కోరుకున్నాను. అతనికి రోగం రావాలనో, బండి మీంచి పడాలనో కాదు, అంత దూరం పోలేదు. అతను తయారుచేసిన వస్తువు నలుగురి ముందు, అతని కళ్ళెదుట, నా చేతిలో విరగాలి. అతను తెరిచిన నోరు మూయలేక కూర్చోవాలి. నాకు కావలసింది అదే. తర్వాత ఏమవుతుందో ఆలోచించలేదు.

అతను మాదాపూర్‌లో నేను పనిచేసిన కంపెనీలో మా టీమ్ లీడ్. ఆసుపత్రులకు నెట్‌వర్క్ పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. పెట్టె అంటే పెద్ద పుస్తకమంత ఇనుప డబ్బా. రిసెప్షన్‌లో కంప్యూటరైనా, ఐసీయూలో మానిటరైనా దాని గుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాన్ని చూసుకునే ఆపరేటర్లు చాలామంది కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళు, ఆరు నెలలకొకరు మారతారు. వాళ్ళ చేతికి పెట్టె మొత్తాన్ని అప్పగించలేరు కదా. అందుకని ఆపరేటర్ లాగిన్ అయితే పది కమాండ్లున్న ఒక చిన్న తెర మాత్రమే వస్తుంది. పెట్టెను ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, పెట్టె తనంతట రాసుకునే చిట్టా, అంటే లాగ్, చదవడం, ఎదుటి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూడడం, ఇలాంటివి పది. పదకొండోది కొడితే అనుమతి లేదని వస్తుంది. దాన్ని రిస్ట్రిక్టెడ్ షెల్ అంటారు. రాసింది అతను, టెస్ట్ చేయాల్సింది నేను.

నాకు ఉద్యోగంలో నిజంగా ఇష్టమైంది అదొక్కటే. ఎవరో కష్టపడి కట్టిన గోడ చుట్టూ తిరిగి, కన్నం ఎక్కడుందో వెతకడం. ఆ గుణం మా నాయిన నుంచి వచ్చి ఉంటుంది. ఆయన బాలానగర్‌లో ముప్ఫై ఏళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి, ఆఖరి పదేళ్ళూ తయారైన పీసులకు గేజు పెట్టి చూసే పని చేశారు. మంచి పీసు ఒక పక్కకు, చెడ్డది ఇంకో పక్కకు. ఇంట్లో దోసె కూడా వెలుతురుకు ఎత్తి చూసి తింటారు.

ఒకరోజు ఆ పదింటిలో ఒక కమాండ్ నా చేతికి చిక్కింది. ఎదుటి కంప్యూటర్ పలుకుతోందా అని తట్టి చూసేది. దానికి ఒక అడ్రస్ ఇవ్వాలి. నేను అడ్రస్ ఇచ్చి, పక్కన సెమీకోలన్ పెట్టి, దాని వెనక నాకిష్టమైన ఇంకో కమాండ్ రాశాను. షెల్ మొదటి మాట ఒక్కటే చూసింది. జాబితాలో ఉంది కదా అని మొత్తం వాక్యాన్ని లోపలికి పంపేసింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బండి నడిపేవాడి పేరు రాసుకుని వెనక కూర్చున్నవాణ్ణి వదిలేసినట్టు. నేను రాసిన రెండో కమాండ్, 'ఇక్కడ నేనెవరిని' అని అడిగేది. 'రూట్' అని జవాబొచ్చింది. అంటే ఆ పెట్టెకు యజమానిని నేనే. ఆరు నెలల కాంట్రాక్టు మనిషెవడైనా ఐసీయూ మానిటర్లను ఆపేయగలడు.

అది నా దగ్గరున్న పాత వెర్షన్. కొత్త వెర్షన్ మీద కూడా అవుతుందో లేదో చూడాలి. మా టీమ్‌లో టెస్ట్ పెట్టెలు నాలుగే ఉండేవి. షేర్డ్ షీట్‌లో ముందు ఎవరు పేరు రాసుకుంటే ఆ పూటకు వాళ్ళవి. ఆ రోజు నాలుగూ నిండిపోయాయి. కాఫీ మెషీన్ దగ్గర అతను కనిపిస్తే అడిగాను.

"డెమో పెట్టె ఖాళీగానే ఉంది కదండీ, దాని మీద చూసుకోండి," అన్నాడు, కప్పులో చక్కెర కలుపుకుంటూ.

డెమో పెట్టె అంటే కస్టమర్లు వచ్చినప్పుడు చూపించేది, అద్దాల మీటింగ్ రూమ్‌లో ఉండేది. వెళ్ళి చూశాను. కొత్త వెర్షన్‌లోనూ అదే కన్నం. ఋజువు కోసం పాస్‌వర్డ్‌ల ఫైలును తెర మీదికి రప్పించి, ఆ తెర బొమ్మను జతచేసి, తీవ్రత 'క్రిటికల్' అని పెట్టి టీమ్ లోపాల జాబితాలో బగ్ రాశాను. ఏయే గుర్తులను ఆపాలో వెతుక్కోవడం కాదు, ఏవి రానివ్వాలో రాసిపెట్టుకోవడం మేలని చివర ఒక సలహా కూడా రాశాను. ఆ రోజు నేను చాలా గొప్పదాన్ననుకున్నాను.

మా ఐటీ వాళ్ళలో ఒక ఆచారం ఉంది. నోటితో ఎవరేమన్నా, సీట్లోకి రాగానే 'యాజ్ డిస్కస్డ్' అని మొదలుపెట్టి ఒక మెయిల్ కొట్టాలి. ఇందాక మనం అనుకున్నట్టుగా నేనిది చేస్తున్నాను, అని. కాఫీ మెషీన్ దగ్గర అనుకున్నదైనా, లిఫ్ట్‌లో అనుకున్నదైనా సరే. మాట గాలికి పోతుంది, మెయిల్ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలో ఈ సంగతి నేనే చెప్పేదాన్ని. అప్పటికి నాకు ఆరేళ్ళ అనుభవం. ఆ రోజు ఆ మెయిల్ కొట్టలేదు. కన్నం దొరికిన సంబరంలో నేరుగా అద్దాల గదిలోకి పరుగెత్తాను.

పది రోజుల్లో రిలీజ్ ఉంది. అతను నా బగ్‌ను 'డిజైన్ ప్రకారమే ఉంది' అని రాసి మూసేశాడు. నేను తెరిచాను. మళ్ళీ మూసేశాడు. "లాగిన్ ఉన్నవాడే కదండీ ఇదంతా చేయగలిగేది, మన ఆపరేటర్ ఎందుకు చేస్తాడు?" అన్నాడు. మూడోసారి తెరిచినప్పుడు అతని పైవాళ్ళను కూడా కాపీలో పెట్టాను. మర్నాడు హెచ్‌ఆర్ నుంచి పిలుపొచ్చింది.

చిన్న గది. హెచ్‌ఆర్ ఆవిడ, అతను, నేను. కస్టమర్లకు చూపించే పెట్టెలోకి అనుమతి లేకుండా చొరబడి పాస్‌వర్డ్ ఫైలు బయటికి తీశానని ఆవిడ చదివింది. నాకు నవ్వొచ్చింది. అతని వైపు తిరిగి, "మీరే కదా చూసుకోమన్నారు," అన్నాను.

అతను చాలా మర్యాదగా, బాధపడుతున్నవాడిలా నా వైపు చూశాడు. "నేనెప్పుడన్నానండీ? మీరు పొరబడి ఉంటారు. మెయిల్ ఏమైనా ఉందా?"

నేను లాప్‌టాప్ తెరిచి వెతకడం మొదలుపెట్టాను. పంపలేదని నాకు తెలుసు. అయినా వాళ్ళిద్దరూ చూస్తుండగా, పంపని మెయిల్ కోసం ఐదు నిమిషాలు వెతికాను. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది.

ఆ సాయంత్రమే రాజీనామా రాయించుకున్నారు. రిలీవింగ్ లెటర్‌లో ఒక వాక్యం చేర్చారు: 'భద్రతా నియమాల ఉల్లంఘన కారణంగా విధుల నుంచి తప్పించడమైనది.' ఈ లెటర్ సంగతి మా ఐటీ కారిడార్‌లో పనిచేసిన ప్రతివాళ్ళకూ తెలుసు. పాత కంపెనీ నుంచి మర్యాదగా బయటికి వచ్చామని ఆ కాగితం చెబితేనే కొత్త కంపెనీ లోపలికి రానిస్తుంది. ఇంటర్వ్యూలో ఎంత మెరిసినా, చేరిన తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు పాత ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతారు. నాకు మూడు ఉద్యోగాలు వచ్చాయి, మూడూ ఆ ఫోన్‌తోనే పోయాయి. ఒకచోటైతే రెండు వారాలు పనిచేసి, పక్క సీటావిడతో కలిసి అన్నం కూడా తిన్నాను. లంచ్ తర్వాత వచ్చేసరికి నా ఐడీ కార్డుకు గేటు తెరుచుకోలేదు.

ఇంట్లో చెప్పినప్పుడు నాయిన అడిగారు.

"తప్పు నువ్వు జేసినవా బిడ్డా?"

"లే నాయినా."

"మరి గాయన గట్లెందుకు జెప్పిండు?"

"నాది నిజమైతే మాల్ బయటికి పోదు గదా. అందుకని."

"ఇగ ఫికరెందుకు? పీసు జూసినోనిదే ఆఖరి మాట," అన్నారు. నాయినకు బాలానగర్ తెలుసు గానీ మాదాపూర్ తెలియదు. అక్కడ పీసు చూసినవాళ్ళది ఆఖరి మాట కాదని ఆయనకెలా చెప్పను?

నన్ను ఆ లెటర్‌తోనే తీసుకున్నది గచ్చిబౌలిలో ఒక చిన్న ఆఫీసు. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన, రెండో అంతస్తులో ఆరుగురం. కంపెనీలు కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో కన్నాలున్నాయో లేదో ముందే పరీక్షించి చెప్పే పని. దాని ఓనర్ యాభై దాటిన ఆవిడ, సిద్దిపేట వైపు మనిషి. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. నేను లెటర్ గురించి మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"లెటర్ ముచ్చట తర్వాత. గీ మిషన్ల నాలుగు తప్పులు పెట్టిన. సాయంత్రందాక ఎన్ని దొరకబడ్తవో చూస్త."

ఐదు దొరకబట్టాను. ఐదోది ఆవిడకే తెలియదు. మర్నాటి నుంచి రమ్మంది.

అక్కడ నా పని చక్కగా సాగింది గానీ నేను చక్కగా లేను. అతని కంపెనీ వెబ్‌సైట్‌ను వారానికోసారి తెరిచి చూసేదాన్ని. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏమేం మార్చారో ఒక పేజీలో రాసేవాళ్ళు. పాత పేజీలు తిరగేస్తుంటే ఒకచోట కనిపించింది. నన్ను పంపేసిన రెండు వారాలకు విడుదలైన వెర్షన్‌లో 'ఇన్‌పుట్ తనిఖీ మెరుగుపరచబడింది' అని ఒక లైన్. డిజైన్ ప్రకారమే ఉన్నదాన్ని మెరుగుపరచడమెందుకు? నా బగ్‌ను నన్ను గెంటేశాక చల్లగా సరిచేసుకున్నారు. ఆ రోజు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాను. వీడికి మూడు చెరువుల నీళ్ళు తాగించకపోతే నేను నా తండ్రి బిడ్డను కాదనుకున్నాను.

మూడో ఏడు ఆ పెట్టె నా బల్ల మీదికే వచ్చింది. ఒక ఆసుపత్రుల గ్రూపు కొత్త నెట్‌వర్క్ పెట్టెలు కొనాలనుకుని, రెండు కంపెనీల సరుకును మాకు పరీక్షకు పంపింది. రెండింటిలో ఒకటి అతనిది. నేను అక్కడ పనిచేశానని మేడమ్‌కు తెలుసు. నన్ను కేబిన్‌లోకి పిలిచింది.

"వాళ్ళ మీద నీకు కోపమున్నదా?"

"లేదు మేడమ్."

"ఉంటే ఉండనీ. కానీ రిపోర్టుల తప్పుడు మాట రాయకు. నాకున్నది గీ ఒక్క పేరే."

పెట్టె ముందు కూర్చున్నాను. అదే పది కమాండ్ల తెర, అదే రంగు. సెమీకోలన్ పెట్టాను, ఆపింది. ఇంకా నాలుగైదు గుర్తులు పెట్టాను, వాటినీ ఆపింది. తెలిసిన దొంగల ఫొటోలన్నీ గోడకు అంటించుకున్నారన్నమాట. తర్వాత లాగ్ చదివే కమాండ్ తీశాను. లాగ్ పొడుగ్గా ఉంటే పేజీ పేజీగా చూపించేందుకు లోపల ఇంకో చిన్న ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. అందులో ఉండగా ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి, దాని పక్కన 'నేనెవరిని' అని అడిగాను. 'రూట్' అంది. గట్టిగా నవ్వాను. పక్క సీటతను హెడ్‌ఫోన్స్ తీసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఆసుపత్రి వాళ్ళ ఆఫీసులో మీటింగ్. నేను చూపించాలి, రెండు కంపెనీల వాళ్ళూ రావాలి. అతను వచ్చాడు. ముందువైపు జుట్టు పలచబడింది, కళ్ళజోడు మారింది. నాతో చెయ్యి కలిపి, "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందండీ," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నేను మూడేళ్ళు అతన్ని తలుచుకుంటూనే పడుకున్నాను, తలుచుకుంటూనే లేచాను. అతనికి నా ముఖం కూడా గుర్తులేదు.

పెద్ద తెర మీద లాగ్ తెరిచి, ఆ గుర్తు కొట్టి, పెట్టెను నా చేతిలోకి తీసుకున్నాను. ఐసీయూ నమూనా కోసం పెట్టిన మానిటర్‌ను అక్కడి నుంచే ఆపేశాను. అతను నోరు తెరిచి, ఏదో అనబోయి, అలాగే ఉండిపోయాడు. అచ్చంగా నేను కోరుకున్నట్టే. అయినా లిఫ్ట్ దిగి కిందికి వచ్చేలోపే ఆ సంతోషం ఇంకిపోయింది. కొట్టింది ఎవరో తెలియనివాడికి అది వట్టి ప్రమాదంగానే మిగులుతుంది. అతనికి తెలియాలి.

ఆసుపత్రి వాళ్ళు గడువిచ్చారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా లోపం సరిచేసి, మేం మళ్ళీ పరీక్షించి, వాళ్ళ పోర్టల్‌లో 'సరిచేయబడింది' అని సంతకం పెట్టాలి. ఐదు దాటాక ఆ లోపం ఎదురుగా ఇంకేమున్నా కంపెనీ పేరు జాబితాలోంచి పోతుంది. ఇలాంటప్పుడు తయారుచేసినవాళ్ళు మా ఆఫీసుకే వచ్చి మా పక్కన కూర్చుని సరిచేయడం మా పద్ధతి. మంగళవారం అతనే వచ్చాడు, ఒక్కడే, మెట్లెక్కి రొప్పుతూ.

గంటన్నరసేపు బయట సోఫాలో కూర్చోబెట్టాను. నాకు వేరే పనేమీ లేదు. అద్దంలోంచి అతని పలచబడ్డ తల కనిపిస్తుంటే మెయిళ్ళు చదువుకున్నాను. మెడలో విజిటర్ కార్డు వేసుకోవాల్సిందేనని పట్టుబట్టాను. మా ఆఫీసులో అప్పటిదాకా ఎవరూ ఆ కార్డు వేసుకోలేదు, డ్రాయరంతా వెతికి తీయించాను. టీ ఇవ్వలేదు. చివరికి మేడమ్ చూసి తెప్పించింది.

బుధవారానికి నేనెవరో అతనికి తెలిసిపోయింది. పాత ఫైళ్ళు చూసుకుని ఉంటాడు. వచ్చీరాగానే కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఆ లెటర్‌లో వాక్యం తీయించగలనండి. ఒక్క ఫోన్ చాలు. మీరు ఆ క్రిటికల్‌ను మీడియం చేస్తే, మాక్కాస్త గడువు దొరుకుతుంది. ఇద్దరికీ మంచిది."

నేను లేచి నిలబడి, ఆఫీసంతా వినిపించేలా అదే మాటను తిరిగి చెప్పాను. "క్రిటికల్‌ను మీడియం చేస్తే నా లెటర్ మారుస్తారట మేడమ్!" అన్నాను. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అతని ముఖం కందగడ్డలా అయింది. మేడమ్ కేబిన్‌లోంచి వచ్చి నా భుజం తట్టి, ఇట్లాంటి మనిషి నా దగ్గరున్నదని గర్వంగా ఉంది బిడ్డా అంది. ఆ రోజు నేను నడవలేదు, తేలాను. మూడేళ్ళుగా అంత బాగా నిద్రపట్టలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి బాగుండేది.

గురువారం అతను నిజంగానే పనిచేశాడు. ఎవరికీ ఫోన్ చేయకుండా, తల ఎత్తకుండా, తన కోడ్ తనే తిరగరాశాడు. లాగ్ చూపించే ఆ లోపలి ప్రోగ్రామ్‌ను పూర్తిగా తీసేశాడు. ఏ గుర్తులు ఆపాలన్న జాబితాను చెరిపేసి, ఏవి రానివ్వాలన్న జాబితా రాశాడు. మధ్యాహ్నం మూడింటికి నా చేతికిచ్చాడు.

"మీరు బగ్‌లో చివర రాసిందే చేశానండి. అప్పుడు పూర్తిగా చదవలేదు," అన్నాడు.

నేను కన్నం కోసం వెతికాను. నా సర్వీసులో ఎన్నడూ అంత కసిగా వెతకలేదు. పది కమాండ్లనూ పది రకాలుగా తిప్పాను. తెలుగు అక్షరాలు కొట్టాను, పేజీలకు పేజీలు చెత్త కొట్టాను. ప్రతిసారీ 'అనుమతి లేదు' అనే చెప్పింది. గోడ గట్టిగా కట్టాడు. దొంగలాంటి మనిషి మంచి పని చేయగలడన్న సంగతి నాకు అస్సలు నచ్చలేదు.

ఆ సాయంత్రం అన్నాలు తింటుండగా నాయినను అడిగాను. "నీకు పడనోడు పీసు జేసిండనుకో. గేజుల సరిగ్గనే కూసుంది. ఏం జేస్తవ్?"

"పాస్ జేస్త."

"వాడు నీకు మస్తు అన్యాయం జేసిండు నాయినా."

ఆయన ముద్ద ఆపి నా ముఖం చూశారు. "గేజుకు ఆ ముచ్చట దెల్వదు గదా. మంచి పీసును ఆపేటోడు గా కుర్సీల కూసోవద్దు." మళ్ళీ తినసాగారు. ఎవరి గురించి అడుగుతున్నానో ఆయనకు అర్థమైందని నాకూ అర్థమైంది.

శుక్రవారం పదకొండింటికి నా పరీక్షలన్నీ అయిపోయాయి. ఒక్క లోపమూ లేదు. పోర్టల్‌లో ఆ లోపం ఎదురుగా ఒక గడి ఉంది, దానిలో రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి: 'సరిచేయబడింది', 'పరీక్ష కొనసాగుతోంది'. అప్పటికి రెండోదే ఉంది. దాన్ని అలాగే ఉంచాను. భోజనానికి వెళ్ళి వచ్చాను. అలాగే ఉంచాను.

మూడింటికి అతను కిందికి వెళ్ళి, బైక్ మీద ఎవరో తెచ్చిచ్చిన కవరుతో పైకి వచ్చి, నా బల్ల మీద పెట్టాడు. తెరిచాను. కొత్త రిలీవింగ్ లెటర్. కంపెనీ ముద్ర, హెచ్‌ఆర్ సంతకం. ఉల్లంఘన అన్న వాక్యం లేదు. దాని స్థానంలో, నా నడవడిక, పనితీరు సంతృప్తికరమని ఉంది.

"దీనికీ సంతకానికీ సంబంధం లేదండి," అన్నాడు. "మీరు పెట్టినా పెట్టకపోయినా ఇది మీది. డెమో పెట్టె మీద చూసుకోమని నేనే అన్నాను. హెచ్‌ఆర్ గదిలో కూర్చున్నప్పుడు కూడా నాకు గుర్తుంది. భయపడ్డాను. క్షమించండి."

ఈ మాట కోసమే కదా మూడేళ్ళు ఎదురుచూశాను. విన్నాక గుండె తేలికపడాలి. పడలేదు. నేను పంపని మెయిల్ కోసం వాళ్ళ ముందు వెతుకుతున్న ఆ ఐదు నిమిషాలూ అతనికి అంతా గుర్తుందన్నమాట. గుర్తుండే చూస్తూ కూర్చున్నాడన్నమాట. మరచిపోయి ఉంటాడని నాలో ఏ మూలో చిన్న అనుమానం ఉండేది, అది నాకు తెలియకుండానే అతన్ని కొంచెం కాపాడుతూ వచ్చింది. ఆ పూట అది కూడా పోయింది.

"థ్యాంక్సండి," అని లెటర్ బ్యాగులో పెట్టుకున్నాను. "ఇంకా చూస్తున్నాను. బయట కూర్చోండి."

నాలుగింటికి మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. "ఏంది, ఇంక కాలేదా? ఐదింటికి బంద్ జేస్తరు."

"ఒక్కటి డౌటున్నది మేడమ్. చూస్తున్న."

"మంచిగ చూడు. జల్దీ లేదు," అని వెళ్ళిపోయింది. నా మాట మీద ఆవిడకు రెండో ఆలోచన ఉండదు.

ఆ గంటసేపూ పొద్దున చేసిన పరీక్షలనే మళ్ళీ చేశాను. తెర మీద అక్షరాలు పోతుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. నాలుగూ నలభై ఐదుకు అతను అద్దం తలుపు కొంచెం తెరిచి, "ఏమైనా దొరికిందాండీ?" అన్నాడు. "చూస్తున్నాను కదా," అన్నాను. తలుపు మూసుకున్నాడు. ఐదుకు పోర్టల్ ఆ వారం జాబితాను మూసేసింది. ఐదూ ఐదుకు గడిలో 'సరిచేయబడింది' అని మార్చి సంతకం పెట్టాను. అది నిజమే. ఎవరికీ పనికిరాని నిజం.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఎవరేమనుకున్నా ఆ మాట దాచను. ఆ మీటింగ్‌లో రానంత సంతోషం, ఎందుకంటే ఈసారి కొట్టింది ఎవరో అతనికి తెలుసు. అతను తన ఫోన్‌లో పోర్టల్ చూసుకున్నాడు. టైమ్ చూశాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. అరుస్తాడేమోనని లేచి నిలబడ్డాను, జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అతను మెడలోంచి విజిటర్ కార్డు తీసి, దారం చుట్టి, రిసెప్షన్ బల్ల మీద పెట్టి, "వస్తానండి," అని మెట్లు దిగిపోయాడు.

ఆర్డర్ రెండో కంపెనీకి పోయింది. కొన్ని నెలలకు అతని టీమ్‌ను తీసేశారని విన్నాను. అతన్నొక్కణ్ణే కాదు, టీమ్ మొత్తాన్ని. నా తర్వాత నా సీట్లో కూర్చున్న టెస్టర్ కూడా అందులో ఉందట. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమె గురించి నేను అసలు ఆలోచించలేదు.

కొత్త లెటర్‌తో ఆ ఏడే ఒక పెద్ద క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆఫీసు బస్సు మా వీధి చివరకే వస్తుంది. చేరిన వారానికి మేడమ్ ఫోన్ చేసింది. నా గురించి వెరిఫికేషన్ వాళ్ళు అడిగారట.

"ఏం చెప్పిన్రు మేడమ్?" అన్నాను.

"ఏమున్నది చెప్పనీకె? ఆ పిల్ల రిపోర్టుల ఒక్క తప్పుడు మాట రాయదని చెప్పిన," అని నవ్వింది. "ఆ బుధవారం ముచ్చట గూడ చెప్పిన, ఆయన లెటర్ మారుస్తనంటె ఎట్ల నిలబడ్డవో. ఫోన్ల ఉన్న పిల్ల షాకయింది."

నేను బస్సులో ఉన్నాను. చుట్టూ జనం. శుక్రవారం సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"థ్యాంక్స్ మేడమ్," అన్నాను.